తొలిప్రేమ మళ్ళీ ఎదురైన కథలో గాయం ఎవరు మాన్పాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "వారం వారం ఆన్‌లైన్‌లో ఒక నవల రాస్తున్నాను. మాధవి, శ్రీకర్ కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ప్రేమించుకున్నారు. అతను అమెరికా వెళ్ళి, ఇంట్లోవాళ్ళు చూసిన సంబంధం చేసుకున్నాడు. పదకొండేళ్ళ తర్వాత ఒక స్నేహితురాలి ఇంటి పెళ్ళిలో మళ్ళీ కలుస్తారు. అప్పటికి ఇద్దరికీ విడాకులయ్యాయి, మాధవికి ఏడేళ్ళ పాప. 14 భాగాలు అయ్యాయి. కామెంట్లలో సగంమంది 'వాణ్ణి అంత తేలిగ్గా ఎలా క్షమించింది' అని తిడుతున్నారు. మిగతా సగం 'ఇంకెప్పుడు కలుపుతారు' అని తొందరపెడుతున్నారు. ఎవరి మాట వినాలి? ఆమె మనసులో గాయం మానడం ఎలా చూపించాలి?"

ఇద్దరి మాటా వినండి. రెండు ఫిర్యాదుల్లా కనిపిస్తున్నాయి గానీ రెండిటికీ కారణం ఒక్కటే. మీ 14 భాగాలూ చదివాకే ఇది రాస్తున్నాను. వారపత్రికలో సీరియళ్ళు చూసే పని చాలాకాలం చేశాను కాబట్టి, విడిపోయి మళ్ళీ కలిసే జంటల కథలు కుప్పలుతెప్పలుగా చదివాను. వాటిలో చాలావరకు సరిగ్గా మీరు ఆగిన చోటే ఆగిపోతాయి.

శ్రీకర్ రాకముందు మాధవికి రాత్రిళ్ళు నిద్ర పట్టదు. అతను వచ్చిన రెండు వారాలకు పడుతుంది. పెళ్ళయ్యాక మూలన పెట్టేసిన వీణని 12వ భాగంలో అతను అడిగాడని బయటికి తీస్తుంది. తండ్రితో మాటలు మానేసిన మనిషి, శ్రీకర్ సర్దిచెప్పగానే ఫోన్ చేస్తుంది. అంటే దెబ్బ కొట్టిందీ అతనే, కట్టు కట్టిందీ అతనే. చదివేవాళ్ళకి వెంటనే ఒక అనుమానం వస్తుంది: ఇతను మళ్ళీ వెళ్ళిపోతే ఈ అమ్మాయి గతేం కాను? ఆ అనుమానం వచ్చినవాళ్ళు క్షమాపణ మరీ చవగ్గా ఉందని తిడుతున్నారు. రానివాళ్ళకేమో ఇక తెలుసుకోవలసింది ఏమీ మిగల్లేదు, అందుకే తాళి ఎప్పుడని అడుగుతున్నారు.

మాధవి కోలుకోవడాన్ని శ్రీకర్ చేతుల్లోంచి తీసేయండి. చాలావరకు అతను రాకముందే జరిగిపోవాలి. అతనికి ఒక్క పని మాత్రం మిగల్చండి, అదేమిటో కింద చెప్తాను.

ఈ రకం కథకి అందరూ తిరిగి తిరిగి వెళ్ళే పుస్తకం జేన్ ఆస్టిన్ రాసిన 'పర్సుయేషన్'. ఆమె 1817 జులైలో పోయారు, నవల అదే ఏడాది డిసెంబరులో, లోపలి పేజీలో 1818 అన్న సంవత్సరంతో వచ్చింది. కథ మీకు తెలిసే ఉంటుంది. ఆన్ ఇలియట్‌కి తల్లి లేదు. పంతొమ్మిదేళ్ళప్పుడు వెంట్‌వర్త్ అనే నౌకాదళ అధికారిని ప్రేమించి పెళ్ళికి ఒప్పుకుంటుంది. అతనికి ఆస్తి లేదు, ఎప్పటికి పైకొస్తాడో తెలియదు. తల్లి స్థానంలో ఉన్న లేడీ రస్సెల్ వద్దని నచ్చజెబితే ఆ సంబంధం తెంచుకుంటుంది. ఎనిమిదేళ్ళు గడుస్తాయి. అతను యుద్ధంలో శత్రు నౌకల్ని పట్టి పాతికవేల పౌండ్లు సంపాదించుకుని వస్తాడు. ఆమె ఇరవయ్యేడేళ్ళది, వాడిపోయి, పుట్టింట్లో ఎవరికీ పట్టని మనిషిగా ఉంటుంది.

మొదటిసారి మళ్ళీ ఎదురుపడ్డప్పుడు ఏమవుతుందో చూడండి. అతను తల వంచుతాడు, ఆమె మర్యాదగా వంగి లేస్తుంది, అతను ఎవరితోనో రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోతాడు. అంతే. మీరు అక్కడ మూడు పేజీల ఫ్లాష్‌బ్యాక్, వర్షం, జారిపోయిన చున్నీ పెట్టారు. ఆస్టిన్ ఆ తర్వాత ఒక మాట పెడుతుంది: 'గుర్తుపట్టలేనంతగా మారిపోయింది' అని అతను ఎవరితోనో అన్నాడని చెల్లెలు వచ్చి ఆన్‌కి చెబుతుంది. ఆ ఒక్క మాట మీ వర్షం కంటే గట్టిగా తగులుతుంది. అంతకంటే నాకు ఇష్టమైన ఘట్టం ఇంకొకటి ఉంది. ఆన్ మోకాళ్ళ మీద కూర్చుని, దెబ్బ తగిలిన చెల్లెలి కొడుకుకి సేవ చేస్తుంటుంది. వాడి తమ్ముడు, రెండేళ్ళవాడు, ఆమె వీపెక్కి మెడ పట్టుకుని వేలాడతాడు. దిగమంటే దిగడు. గదిలో వెంట్‌వర్త్ ఉన్నాడు, ఇంకో అతనూ ఉన్నాడు. ఇంకో అతను కూర్చున్న చోటినుంచే పిల్లాణ్ణి గదమాయిస్తాడు. ఉన్నట్టుండి వీపు మీద బరువు తగ్గుతుంది. ఎవరో ఆ చిన్న చేతుల్ని విప్పి వాణ్ణి ఎత్తుకెళ్ళారు. ఎవరో తెలిసేసరికి ఆమెకి నోట మాట రాదు, థాంక్స్ కూడా చెప్పలేదు. అతనూ చెప్పించుకోవడానికి ఆగడు, పిల్లాడితో గట్టిగా ఆడుతూ తప్పించుకుంటాడు. అప్పటికి అతని కోపం పోలేదని గుర్తుంచుకోండి. కోపం ఉండగానే చేసిన పని కాబట్టే దానికి విలువ. మీ శ్రీకర్ మొదటి రోజు నుంచే కరిగిపోయి ఉన్నాడు, అందుకే అతను కాఫీ తెచ్చినా, గొడుగు పట్టినా లెక్కలోకి రావడం లేదు.

ఆన్‌ని ఎవరూ బాగుచేయరన్నది ఇంకా ముఖ్యం. లైమ్ అనే సముద్రతీరపు ఊళ్ళో, ప్రేమించిన పిల్ల చనిపోయి కవిత్వంలో మునిగిపోయిన బెన్‌విక్ అనే అధికారి పరిచయమవుతాడు. కవిత్వం కాస్త తగ్గించి వచనం చదవండి అని అతనికి సలహా ఇచ్చేది ఆన్. అదే ఊళ్ళో లూయిసా అనే అమ్మాయి గట్టు మెట్ల మీంచి దూకి, తల నేలకి తగిలి స్పృహ తప్పుతుంది. మగవాళ్ళతో సహా అందరూ కొయ్యబారిపోతే, డాక్టర్ని పిలవండి అని, ఎవరిని పంపాలో కూడా చెప్పి, పని నడిపించేది ఆన్. ప్రేమ ఆమెలో అలాగే ఉంది, ఒక్క రోజు కూడా పోలేదు. అయినా మనిషి నిలబడే ఉంది. గాయం మానడమంటే మర్చిపోవడం కాదని చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి? వెంట్‌వర్త్ తిరిగి ప్రేమలో పడేది ఆ నిలబడ్డ మనిషితో.

ఇంకో సంగతి. మీ 14వ భాగంలో శ్రీకర్‌కి బైక్ యాక్సిడెంట్ అవుతుంది, మాధవి హాస్పిటల్‌కి పరుగెడుతుంది, ఐసీయూ బయట క్షమించేస్తుంది. పర్సుయేషన్‌లోనూ ప్రమాదం ఉంది కానీ పడింది మూడో మనిషి, దానివల్ల కథ ఇంకా చిక్కుబడుతుంది. చావు బతుకుల్లో ఉన్నవాణ్ణి క్షమించడం క్షమించడం కాదు. మన ఇళ్ళల్లో పగవాడు మంచాన పడినా వెళ్ళి చూసొస్తాం. ఆ యాక్సిడెంట్ తీసేయండి.

ఇప్పుడు విడిపోవడానికి కారణం సంగతి. మీ కథలో శ్రీకర్ రాసిన మెయిల్స్ మాధవి తండ్రి చెరిపేశాడని 10వ భాగంలో ట్విస్ట్ పెట్టారు. ఇది పెట్టిన మరుక్షణం శ్రీకర్ నిర్దోషి అయిపోయాడు. మన దగ్గర ఈ పని చేసిన పెద్ద కవి శాకుంతలం రాసిన కాళిదాసు. మహాభారతంలోని శకుంతల కథలో ఉంగరం లేదు, దుర్వాసుడి శాపం లేదు. నన్నయ ఆదిపర్వంలో కూడా లేవు. అక్కడ దుష్యంతుడికి అంతా గుర్తుంది. నిండు సభలో, కొడుకుని పక్కన పెట్టుకుని వచ్చిన శకుంతలని ఎరగనంటాడు. ఆమె ఏడ్చి వెళ్ళిపోదు, నిలబడి వాదిస్తుంది. నూరు నూతుల కంటే ఒక బావి మేలని మొదలుపెట్టి, నూరుగురు కొడుకుల కంటే ఒక్క నిజమైన మాట మేలని ముగించే పద్యం మనలో చాలామంది స్కూల్లో బట్టీ పట్టిందే. చివరికి ఆకాశవాణి చెప్పాక రాజు ఒప్పుకుంటాడు: తెలుసు, లోకం ఏమంటుందోనని భయపడ్డాను అని. కాళిదాసు శాపం తెచ్చి అతని పరువు కాపాడాడు, దాంతో మహా అందమైన నాటకం వచ్చింది. కానీ మీరు రాసేది గాయం గురించి. శాపం వల్ల మర్చిపోయినవాడి మీద ఎంతకాలం కోపం పెట్టుకుంటాం? లోకానికి భయపడి కాదన్నవాడి సంగతి వేరు. మీ పాఠకులు అడుగుతున్నది ఈ రెండో దుష్యంతుణ్ణి, మీరు ఇస్తున్నది మొదటివాణ్ణి. మెయిల్స్ ట్విస్ట్ కొట్టేయండి. అతను భయపడ్డాడు, అంతే. చెల్లెలి పెళ్ళి ముందుంది, నాన్న చేసిన అప్పుంది, వచ్చిన సంబంధంలో కట్నం ఉంది. ఇలాంటి కారణాలు చెబితే మన పాఠకులు నమ్ముతారు, ఎందుకంటే ప్రతి వీధిలో ఒకడున్నాడు.

అలాగని మొత్తం తప్పు అతని మీదే వేసేయకండి. పర్సుయేషన్ చివర్లో వెంట్‌వర్త్ ఒకటి అడుగుతాడు. విడిపోయిన రెండేళ్ళకు, 1808లో, చేతిలో కాస్త డబ్బు, ఒక ఓడ మీద అధికారం వచ్చాయి కదా, అప్పుడే నేను ఉత్తరం రాసి ఉంటే నువ్వు ఒప్పుకునేదానివా అని. ఒప్పుకునేదాన్నే అన్నట్టు జవాబు వస్తుంది. అంటే తర్వాతి ఆరేళ్ళ బాధకి కారణం లేడీ రస్సెల్ కాదు, తన పొగరు. ఆ లెక్క అతనే వేసుకుని అతనే ఒప్పుకుంటాడు. ఆన్ కూడా ఊరికే లేదు. ఆ సలహా తప్పే కావచ్చు, కానీ తల్లిలాంటి మనిషి మాట వినడం నా వరకు తప్పు కాదు అంటుంది. పంతొమ్మిదేళ్ళ తనని తను తిట్టుకోవడం మానేసిన ఆడమనిషి మాట అది. మాధవి చేత మీరు మూడుసార్లు 'నేను పిచ్చిదాన్ని, నిన్ను నమ్మాను' అనిపించారు. ఒక్కసారైనా 'ఆ వయసులో నాకు తెలిసినంతలో నేను చేసింది సరే' అనిపించండి. అది శ్రీకర్‌తో కాదు, తండ్రితో అనిపిస్తే ఇంకా బాగుంటుంది.

మరి శ్రీకర్‌కి మిగిల్చమన్న ఆ ఒక్క పని? దీనికి సంస్కృత నాటకకర్త భవభూతి దగ్గరికి వెళ్ళాలి. ఉత్తరరామచరితం మూడో అంకం. సీతని అడవిలో వదిలేసి పన్నెండేళ్ళయింది. రాముడు మళ్ళీ పంచవటికి వస్తాడు. సీత అక్కడే ఉంటుంది కానీ గంగాదేవి వరం వల్ల ఎవరికీ కనపడదు. పక్కన తమసానది స్త్రీరూపంలో తోడు. వనదేవత వాసంతి, సీతకి స్నేహితురాలు, రాముణ్ణి ఎదురుగా నిలబెట్టి కడిగేస్తుంది. అడగాల్సిన మాటలన్నీ సీత అడగదు, వాసంతి అడుగుతుంది. అతను కుమిలిపోతుంటే సీతే తట్టుకోలేక, నువ్వే కఠినురాలివి వాసంతీ అంటుంది, అవతలివాళ్ళకి వినపడకుండానే. చివర్లో మాటల్లో మాటగా బయటపడుతుంది: అశ్వమేధయాగానికి పక్కన భార్య ఉండాలి కాబట్టి, రాముడు మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా సీత బంగారు ప్రతిమ పెట్టుకున్నాడని. అప్పుడు సీత అనేది, నన్ను వదిలేసిన అవమానం ముల్లులా దిగి ఉంది, ఇప్పుడు ఆయనే పెకలించాడు అని.

గమనించండి, ఆమె దుఃఖం పోయిందనలేదు. ముల్లు పోయిందంది, అదీ అతను గుచ్చింది. అదొక్కటే అతను తీయగలడు. పన్నెండేళ్ళు బతకడం, కవల పిల్లల్ని కనడం ఆమె పడ్డ పాట్లు. ఇంకో గొప్ప విషయం, ఆ ముల్లు తీసింది ప్రేమ మాట కాదు. ఆమె చూస్తుందని తెలియకుండా, పదిమందిలో అతను చేసిన పని.

మీ కథలో ఆ ముల్లు ఎక్కడుందో మీరే రాసి మర్చిపోయారు. 3వ భాగంలో శ్రీకర్ తల్లి వీధిలో వాళ్ళందరి ముందు 'అమెరికా చూసి మావాడి వెంట పడింది' అంటుంది. ఆ మాట మాధవి పెళ్ళి దాకా వెంటాడుతుంది, అత్తగారు కూడా ఒకసారి ఎత్తిపొడుస్తుంది. శ్రీకర్ అప్పుడు కాదనలేదు. పదకొండేళ్ళ తర్వాత కూడా మాధవికి సారీ చెప్పాడు గానీ ఆ వీధికి చెప్పలేదు. ఆ పని చేయించండి. తల్లి ఎదురుగా, అదే పెద్దల ముందు, పెళ్ళో సంవత్సరీకమో ఏదో ఒక సందర్భంలో 'వెంటపడింది నేను, పిరికితనంతో వదిలేసింది నేను' అనాలి. మాధవి అక్కడ ఉండకూడదు. ఆమెకి తెలుస్తుందని అతను అనుకోకూడదు. వారం తర్వాత కూరగాయల బజారులో ఏ పిన్నిగారో అన్యాపదేశంగా చెప్పాలి. మాధవి ఏమీ అనకుండా డబ్బులిచ్చి బెండకాయలు సంచిలో వేసుకుని ఇంటికొస్తుంది. అక్కడ ఆపేయండి. ఆ భాగం కింద ఎన్ని కామెంట్లు వస్తాయో చూసుకోండి.

మీకు వాసంతి కూడా ఉంది. స్నేహితురాలు లలితని ఇప్పటిదాకా ఇద్దరినీ కలిపే పెళ్ళిళ్ళ పేరమ్మలా వాడారు. ఆమెని శ్రీకర్ మీదికి వదలండి. మాధవి మర్యాదస్తురాలు, అడగలేని మాటలు ఆమె అడుగుతుంది.

కోలుకోవడం ఎలా చూపించాలన్నారు కదా, వీణతోనే చూపించండి. బొబ్బిలి వీణ అని రాశారు, మంచిది, ఒకే పనస మొద్దులో తొలిచి చేస్తారు. కానీ ఏళ్ళ తరబడి మూలన ఉన్న వీణ తీసిన రోజే పలకదు. తీగలు తుప్పు పడతాయి, మెట్లు, అంటే తీగల కింద అడ్డంగా ఉండే కడ్డీలు, కూర్చిన మైనం ఎండలకి కదిలిపోయి స్వరం తప్పుతుంది. తెలిసినవాళ్ళ చేత మెట్లు మళ్ళీ మైనంలో కూర్పించాలి. దాన్ని 12వ భాగం నుంచి 5వ భాగానికి జరపండి, అంటే శ్రీకర్ రాకముందుకి. నేనైతే ఇలా రాస్తాను:

*వేలి చివర కాయలు ఎప్పుడో పోయాయి. సరళీ వరసలు రెండుసార్లు వాయించేసరికి చూపుడువేలి మీద తీగ గీత ఎర్రగా పడింది. "అమ్మా, నొప్పి పుడుతోందా?" అంది పాప. "ఆ." "మరెందుకు వాయిస్తున్నావు?" మాధవి జవాబు వెతుక్కుంది, దొరకలేదు. "నువ్వు హోంవర్క్ చేసుకో" అంది. మర్నాడు గిన్నెలు తోముతుంటే సబ్బునీళ్ళు ఆ గీతలో చురుక్కుమన్నాయి. సాయంత్రం మళ్ళీ కూర్చుంది.*

'ఆమె మనసు తేలికపడింది' అన్న వాక్యం ఎక్కడా లేదు. మీ 14 భాగాల్లో ఆ వాక్యమో దాని చెల్లెలో చాలాచోట్ల ఉంది. కన్నీళ్ళు కూడా తగ్గించండి, మాధవి ప్రతి భాగంలో ఏడుస్తోంది.

చిన్న లెక్కల తప్పులు. 7వ భాగంలో మాధవి విడాకులు దరఖాస్తు పెట్టిన నెలకే వచ్చేస్తాయి. హిందూ వివాహ చట్టం 13బి కింద ఇద్దరూ ఒప్పుకుని తీసుకునే విడాకులకైనా ముందు ఏడాదిపాటు విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక సాధారణంగా ఆరు నెలలు ఆగాలి. తగిన పరిస్థితుల్లో కోర్టు ఆ ఆరు నెలలు మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, అయినా నెల అన్నది నమ్మశక్యంగా లేదు. శ్రీకర్ సంగతి ఇంకా చిక్కు. భార్య ఇండియాలో ఉండగా అతనొక్కడే అమెరికా కోర్టులో విడాకులు తెచ్చుకున్నట్టు రాశారు. తిరుపతిలో పెళ్ళి చేసుకుని మిస్సోరీ రాష్ట్రంలో విడాకులు తెచ్చుకున్న ఒక భర్త కేసులో, అలాంటి డిక్రీ ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే అంది. భార్య ఒప్పుకోకుండా వచ్చిన ఆ కాగితంతో మాధవిని పెళ్ళి చేసుకుంటే మీ హీరో కేసులో ఇరుక్కుంటాడు. ఇద్దరూ కలిసే విడిపోయారని ఒక్క వాక్యం మార్చండి, సరిపోతుంది. లేదా ఆ చిక్కునే కథలోకి తెచ్చుకోండి, నిజానికి అది మీ యాక్సిడెంట్ కంటే మంచి అడ్డంకి.

పాప విషయం. దయచేసి ఆమె చేత ఇద్దరి చేతులూ కలిపించకండి. 13వ భాగంలో 'అంకుల్, మీరే మా డాడీ అవుతారా' అన్న డైలాగ్ పెద్దవాళ్ళు రాసింది, ఏడేళ్ళ పిల్ల అనేది కాదు. ఆ వయసు పిల్లలు కొత్త మనిషి ముందు అమ్మకి అతుక్కుపోతారు, మొండికేస్తారు, అడగకూడని సమయంలో నాన్న గురించి అడుగుతారు. శ్రీకర్‌ని చూసి తలుపేసుకోనివ్వండి. మాధవికి నిజమైన భయం అక్కడ ఉంటుంది: నేను మళ్ళీ తప్పు మనిషిని నమ్మితే ఈసారి దెబ్బ నా ఒక్కదానికే కాదు అని. 'ఇంకెప్పుడు కలుపుతారు' అనేవాళ్ళని పట్టి ఉంచేది ఆ భయమే.

చివరి ఘట్టం ఎలా అంటారా, ఆస్టిన్ కూడా మొదట తేలిగ్గానే రాసింది. ఆమె పూర్తిచేసిన నవలల్లో సొంత చేతిరాత మిగిలింది ఈ నవల చివరి అధ్యాయాలకే, అవిప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1816 జులైలో రాసిన ఆ తొలి ముగింపులో వెంట్‌వర్త్, తన బావగారి తరఫున, ఆన్‌కి ఇంకొకరితో పెళ్ళి కుదిరిందా అని అడగడానికి వస్తాడు. లేదంటుంది, ఇద్దరూ కలిసిపోతారు. ఆస్టిన్‌కి అది నచ్చలేదు, కొన్ని వారాల్లోనే మార్చేసింది. కొత్తదానిలో ఆన్ ఒక సత్రం గదిలో ఇంకెవరితోనో, ఆశ పోయాక కూడా ఎక్కువకాలం ప్రేమించేది ఆడవాళ్ళే అని వాదిస్తుంటుంది. వెంట్‌వర్త్ అదే గదిలో ఏదో ఉత్తరం రాస్తూ వింటాడు. వింటూనే ఇంకో కాగితం తీసుకుని ఆమెకి రాసి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోతాడు. తనని ఎవరూ అడక్కుండా, అతని కోసం కాకుండా, తన మాట తను చెప్పుకుంది. అది విన్నాక అతనికి ధైర్యం వచ్చింది.

మాధవికి కూడా అలాంటి ఒక గది వెతకండి. లలిత చెల్లెలు ప్రేమించినవాడితో తెగతెంపులు చేసుకుని ఏడుస్తోందని 8వ భాగంలో రాశారు, ఆ పిల్లని మళ్ళీ తీసుకురండి. ఆమెకి మాధవి ఏం చెబుతుంది? 'మర్చిపో' అంటుందా, 'ఎదురుచూడు' అంటుందా? నాకైతే రెండూ అనదనిపిస్తుంది. పక్కగదిలో శ్రీకర్ ఉన్నాడో లేడో తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ సంభాషణ రాయండి.

పనిలో వరస ఇది: 10వ భాగంలో మెయిల్స్ తీసేయండి, వీణ ముందుకి జరపండి, 13, 14 పక్కన పెట్టి కొత్తగా రాయండి. ఇప్పటికే వచ్చిన భాగాలు మారుస్తున్నానని పాఠకులకి ఒక నోటు పెట్టి రెండు వారాలు సెలవు అడగండి. తిట్టేవాళ్ళు ఎలాగూ ఆగుతారు, వాళ్ళకి మాధవి మీద అంత ఇష్టం ఉంది. బజారు భాగం రాశాక ఇక్కడ పెడితే చూసి చెబుతాను.